ఎబ్రో ఎటు పారితే అటు: రియోహా ద్రాక్షతోటల్లో సైకిల్ మీద

స్పెయిన్ ఉత్తరాన రియోహా వైన్ ప్రాంతంలో సాన్ విసెంతె అని ఒక ఊరుంది. దాని కింద ఎబ్రో నది మీద పాత రాతి వంతెన ఉంటుంది. ఆ వంతెన మీద సైకిల్ ఆపి వెనక్కి తిరిగి చూస్తే కోటనీ చర్చినీ నెత్తిన పెట్టుకున్న గుట్ట కనిపిస్తుంది, నదికి అవతల కాస్త దూరంలో ఇంకో గుట్ట, దాని మీద బ్రియోనెస్ అనే ఇంకో ఊరు. మధ్యలో దూరం నాలుగైదు కిలోమీటర్లు, అంతే. ఇంత దగ్గర్లో, ఇలా ఎదురెదురుగా, ఒకళ్ల మీద ఒకళ్లు నిఘా పెట్టినట్టు రెండు ఊళ్లు ఎందుకున్నాయి? కార్లో పోయేవాళ్లకి ఈ డౌట్ రాదు, సెకండ్ గేర్‌లో ఒక గుట్ట దిగేసి ఇంకోటి ఎక్కేస్తారు. సైకిల్ మీద ఉన్నవాళ్లకి మాత్రం తప్పకుండా వస్తుంది, కష్టపడి ఎక్కిందంతా దిగిపోయి మళ్లీ మొదట్నుంచీ ఎక్కాలి కాబట్టి పిక్కలే అడుగుతాయి ఆ ప్రశ్న.

జవాబు పాత సరిహద్దులో ఉంది. 1076లో కాస్తీల్ రాజు రియోహాని పక్క రాజ్యం నవార్రా దగ్గర్నుంచి లాగేసుకున్నాడు, కానీ ఎబ్రోకి ఉత్తరపు ఒడ్డున కొండ కింద ఉన్న పట్టీ నవార్రా చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు నవార్రా రాజు సాంచో 1164లో లాగ్వార్దియా అనే ఇంకో గుట్ట ఊరికి, 1172లో సాన్ విసెంతెకి ఫ్యూరోలు ఇచ్చాడు. ఫ్యూరో అంటే ఒక రకం హక్కుల పత్రం, వచ్చి ఈ గుట్ట మీద కాపురం ఉండండి, కాపలా కాయండి, బదులుగా మీకు రాయితీలూ హక్కులూ ఇస్తాం అనే ఒప్పందం అన్నమాట. 1256లో అవతలి ఒడ్డున కాస్తీల్ రాజు పదో అల్ఫోన్సో బ్రియోనెస్‌కి సరిగ్గా అలాంటి పత్రమే రాసిచ్చాడు. లాగ్వార్దియా పేరులోనే కాపలా ఉంది. అంటే ఇప్పుడు బ్రోషర్లలో అందమైన వైన్ గ్రామాలు అని వేసేవన్నీ ఒకప్పుడు సరిహద్దు ఔట్‌పోస్టులు. అందుకే రియోహాలో సైకిల్ తొక్కేవాళ్లకి ఒక రూల్ ఎవరూ చెప్పకుండానే అర్థమైపోతుంది: రోజంతా ఎంత ఈజీగా గడిచినా సాయంత్రం బస చేసే ఊరికి ముందు ఒక ఎక్కుడు ఉండి తీరుతుంది. లాగ్వార్దియా సముద్రమట్టానికి సుమారు 635 మీటర్ల ఎత్తులో ఉంది, కింద నది దాదాపు 200 మీటర్ల లోతులో పారుతుంటుంది, కాబట్టి లెక్క మీరే వేసుకోండి.

ఈ ప్రాంతానికి సైకిళ్లతో వచ్చేవాళ్లలో చాలామంది వైన్ కోసం రారు, కమీనో కోసం వస్తారు. అంటే ఫ్రాన్స్ వైపు నుంచి స్పెయిన్ పడమటి కొసలోని శాంటియాగో దాకా వెళ్లే పాత యాత్రా మార్గం, 1993లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఆ యాత్ర పడమటికి నడుస్తుంది. ఎబ్రో నది తూర్పుకి పారుతుంది. ఎబ్రో లోయలో గట్టిగా వీచే గాలి, దాన్ని సియెర్సో అంటారు, అది వాయవ్యం నుంచి వస్తుంది. మూడూ కలిపి చూస్తే విషయం తేలిపోతుంది, యాత్రికుల దారి పట్టుకుని పోయేవాళ్లు ఏటికి ఎదురు, గాలికి ఎదురు. వాళ్లకి అది తప్పదు, మొక్కు మొక్కే. తోటలు చూడాలనుకునేవాళ్లు మాత్రం పడమటి చివర ఆరో అనే ఊళ్లో మొదలుపెట్టి నది ఎటు పారితే అటు లొగ్రోనియో దాకా రావాలి (స్పానిష్‌లో హెచ్ పలకరు, అందుకే హారో కాదు ఆరో, మన ఆరో నంబర్‌కీ దీనికీ సంబంధం లేదు). చాలా ప్లాన్లు లొగ్రోనియో రియోహా రాజధాని కదా అని అక్కడ మొదలవుతాయి, మొదటి మధ్యాహ్నమే మొహం మీద గాలి కొడుతుంటే వైన్ కంట్రీ అంటే ఇదేనా అనిపిస్తుంది. తప్పు ఊరిది కాదు, దిక్కుది.

ఆరో నుంచి బ్రియోనెస్, సాన్ విసెంతె, లాగ్వార్దియా మీదుగా లొగ్రోనియోకి మొత్తం 50 కిలోమీటర్ల లోపే. గట్టిగా తొక్కేవాళ్లకి ఒక పూట పని. కానీ దానికి రెండు రోజులు పెట్టుకోవడం మంచిది, చూడాల్సిందంతా ఆ కాస్త దూరంలోనే కుక్కి ఉంది.

ముందు ఆకాశం సంగతి. ఉత్తరాన గోడలాగా నిలబడి ఉండేది సియెర్రా కంతాబ్రియా అనే కొండల వరస. దాని అవతల బిల్బావో వైపు సముద్రపు మేఘాలు, ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటే వాన, ఎటు చూసినా పచ్చగడ్డి. ఇవతల లొగ్రోనియోలో వాన 400 మిల్లీమీటర్ల దరిదాపుల్లో, అంటే మన అనంతపురం కంటే కూడా తక్కువ. రెండిటికీ మధ్య రోడ్డు మీద 130 కిలోమీటర్లకి అటూఇటూ. కొన్ని రోజుల్లో పొద్దున్నే చూస్తే మేఘం కొండ అంచు మీదికి పొంగిన పాలలాగా వచ్చి ఇవతలికి కాస్త జారి అక్కడే మాయమైపోతుంటుంది, కింద తోటల మీద ఎండ కాస్తూనే ఉంటుంది. రియోహా వైన్ కథ సగం ఆ అంచులోనే ఉంది. ద్రాక్షకి తడి ఎక్కువైతే తెగుళ్లు, మరీ ఎండైతే కాయలో పులుపు పోతుంది, ఈ గోడ వాననీ చలిగాలినీ చాలావరకూ ఆపుతుంది కానీ సముద్రపు చల్లదనం పూర్తిగా తెగిపోదు.

ద్రాక్షతోట అనగానే తెలుగువాళ్ల కళ్ల ముందు పందిరి కదులుతుంది, ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ పందిళ్లు అలాగే ఉండేవి, కింద నీడలో నడుచుకుంటూ పోవచ్చు. రియోహా పాత తోటల్లో నీడ అనే మాటే లేదు. మోకాలెత్తు మొద్దు, దాని మీద రెండు మూడు చేతుల్లాంటి కొమ్మలు, తీగ లేదు గుంజ లేదు, ఒక్కో మొక్క ఒంటరిగా రాళ్ల నేలలో కూర్చుని ఉంటుంది. చలికాలంలో కత్తిరింపులయ్యాక చూస్తే ఎండిపోయిన చెట్టు మొదళ్లేమో అనుకుంటారు. ఇప్పుడు తీగల మీద పాకించే కొత్త తోటలు పెరిగాయి, మిషన్‌తో కోయడానికి అవే వీలు, కానీ సోన్సియెర్రా పట్టీలో, అంటే కొండకీ ఎబ్రోకీ మధ్య నేలలో, ఈ పొట్టి మొద్దులు ఇంకా చాలా ఉన్నాయి. దిగుబడి మీద కూడా రూల్ ఉంది: ఎర్ర ద్రాక్షకి హెక్టారుకి 6,500 కిలోలు మించకూడదు, ఎకరాల్లోకి మారిస్తే రెండున్నర టన్నుల పైచిలుకు. తినే ద్రాక్ష పండించే మన రైతు ఈ లెక్క వింటే నవ్వుతాడు. అక్కడ మాత్రం కాయ తక్కువ కాస్తేనే రసం చిక్కగా ఉంటుందని నమ్మకం, అది చట్టంలోకి కూడా ఎక్కింది. ఎక్కువ కనిపించే రకం తెంప్రానీయో, పేరుకి అర్థం తొందరగా పండేది అని. తూర్పుకి పోయేకొద్దీ వేడి పెరిగి గర్నాచా ఎక్కువవుతుంది.

సాన్ విసెంతె చుట్టుపక్కల మట్టిరోడ్లలోకి తిరిగితే ఇంకో రెండు వస్తువులు కనిపిస్తాయి, వీటికి టికెట్ లేదు, కాపలా లేదు. ఒకటి, తోటల మధ్య రాళ్లు పేర్చి కట్టిన గుండ్రటి గూళ్లు, తిరగేసిన బుట్టలాగా ఉంటాయి. వాటిని గ్వార్దావిన్యాస్ అంటారు, పంట కాపలావాడు వానకీ ఎండకీ తలదాచుకోడానికి. మన చేలల్లో మంచె చేసే పని అక్కడ ఇవి చేసేవి, కాకపోతే మంచె పైకి, ఇది నేలకి అంటుకుని. రెండోది ఇంకా విచిత్రం: పెద్ద చదును బండ, దాన్ని తొలిచి చేసిన వెడల్పాటి తొట్టి, తొట్టి అంచు నుంచి ఒక గాడి, గాడి చివర ఇంకో చిన్న గుంట. మధ్యయుగాల్లో ద్రాక్ష కోసి అక్కడికక్కడే ఆ తొట్టిలో పోసి కాళ్లతో తొక్కేవాళ్లు, రసం గాడిలోంచి చిన్న గుంటలోకి చేరేది, అక్కడ్నుంచి తోలుతిత్తుల్లో నింపి ఇంటికి మోసేవాళ్లు. వాన పడ్డాక ఆ గుంటలో నీళ్లు నిలిచి ఆకాశం కనిపిస్తుంది. పక్కన కొన్ని చోట్ల రంధ్రాలు కూడా తొలిచి ఉంటాయి, గట్టిగా పిండడానికి దూలం బిగించిన గుర్తులు. గుట్ట మీద పిస్సీనా అనే 12వ శతాబ్దపు చిన్న చర్చి దగ్గర బండల్లో తొలిచిన సమాధులు కూడా ఉన్నాయి, మనిషి ఆకారంలో, తల దగ్గర ఇరుగ్గా భుజాల దగ్గర వెడల్పుగా. బతికినన్నాళ్లూ తొక్కిన తొట్టీ, పోయాక పడుకున్న గుంటా ఒకే రాయి, ఒకే ఉలి.

ఇక ఆరో. ఊరిని చూడ్డం కాదు, ఊరి కింద రైల్వేస్టేషన్ చూడాలి. 1863లో బిల్బావో రైలు ఇటు వచ్చింది. అదే టైమ్‌లో ఫ్రాన్స్‌లో ఫిలోక్సెరా అనే పురుగు ద్రాక్ష వేళ్లని తినేస్తోంది, బోర్డో వ్యాపారుల దగ్గర కొనేవాళ్లున్నారు కానీ అమ్మడానికి సరుకు లేదు. వాళ్లు కొండలు దాటి రియోహాకి దిగారు, డబ్బూ తెచ్చారు, పద్ధతీ తెచ్చారు, అంటే 225 లీటర్ల ఓక్ పీపాల్లో వైన్ మాగబెట్టడం. పద్ధతి అప్పటికే కొంత వచ్చేసింది, లాగ్వార్దియా దగ్గరి ఎల్సియెగో అనే ఊళ్లో మార్కెస్ దె రిస్కాల్ వైనరీ 1858లోనే మొదలైంది, ఆ ఊళ్లున్న ఆలవా జిల్లా ప్రభుత్వం 1862లో బోర్డో నుంచి ఒక వైన్ నిపుణుణ్ణి జీతానికి పెట్టుకుంది. కానీ ఊపు మాత్రం పురుగు తెచ్చిందే. లోపెస్ దె ఎరేదియా 1877, కూనే 1879, లా రియోహా ఆల్తా 1890, బొదేగాస్ బిల్బాయినాస్ 1901, అన్నీ స్టేషన్ చుట్టూ గోడకి గోడ ఆనుకున్నట్టు. ఎందుకంటే పీపా దొర్లిస్తే నేరుగా వ్యాగన్‌లోకి పోవాలి. తోటల దగ్గర కాకుండా పట్టాల దగ్గర వైనరీలు ఎందుకున్నాయి అనే ప్రశ్నకి అంతే జవాబు. 1890కల్లా ఆ ఊళ్లో వీధుల్లో కరెంటు దీపాలు వెలిగాయి, స్పెయిన్‌లోనే మొదటి కొన్ని ఊళ్లలో ఒకటి, ఇప్పటికీ ఆరో, పారిస్, లండన్ అని వరసగా చెప్పుకుని మురిసిపోతుంటారు.

తర్వాత ఫ్రాన్స్ కోలుకుంది. అమెరికన్ ద్రాక్ష వేరు మీద యూరప్ కొమ్మ అంటు కడితే పురుగు ఏమీ చేయలేదని తేలింది, మామిడికీ సపోటాకీ అంటు కట్టే మనవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. వ్యాపారులు వెనక్కి వెళ్లిపోయారు, 19వ శతాబ్దం చివర్లో ఆ పురుగే రియోహాకీ వచ్చింది, ఇక్కడా తోటలన్నీ పీకి మళ్లీ అంటు మొక్కలు పెట్టుకోవాల్సొచ్చింది. పెద్ద భవనాలూ పొడవాటి నేలమాళిగలూ నిండా పీపాలూ, బయట కొనేవాళ్లు తగ్గిపోవడం. రియోహా వైన్ ఏళ్ల తరబడి పీపాలో ఉండడం అనే అలవాటు కొంతవరకు ఇలా కూడా గట్టిపడి ఉంటుందని అనిపిస్తుంది, స్టాక్ కదలకపోతే మాగక ఏం చేస్తుంది.

ఆ అలవాటే ఇప్పుడు సీసా మీద లేబుల్. తాగినా తాగకపోయినా ఈ మూడు మాటలు తెలిస్తే గైడ్ చెప్పేది అర్థమవుతుంది: క్రియాన్సా అంటే ఎర్ర వైన్‌కి కనీసం రెండేళ్లు, అందులో ఒక ఏడాది పీపాలో, రెసెర్వా అంటే మూడేళ్లు, గ్రాన్ రెసెర్వా అంటే ఐదేళ్లు, అందులో రెండేళ్లు పీపాలో రెండేళ్లు సీసాలో. స్పెయిన్‌లో అన్నిటికంటే పై మెట్టు గుర్తింపు డీఓసీఏ మొదటిసారి 1991లో రియోహాకే వచ్చింది. ఈ వయసు లెక్క ఎంత గొప్పదైనా ఒక లోపం ఉంది, సీసా ఎన్నేళ్లు పడుకుందో చెబుతుంది కానీ ఏ ఊరి ఏ రాయి మీద పండిందో చెప్పదు. ఇప్పుడు ఊరి పేర్లూ, ఒక్కో తోట పేరూ లేబుల్ మీద వేసుకునే రూల్స్ వచ్చాయి, దాని మీద అక్కడ గొడవలు కూడా బాగానే ఉన్నాయి. సైకిల్ మీద వెళ్లినవాళ్లు ఈ గొడవలో ఏ పక్షమో వేరే చెప్పక్కర్లేదు, కంకర రోడ్డు ఎర్రమట్టిలోంచి తెల్ల సున్నపు నేలలోకి మారడం టైర్ల చప్పుడులోనే తెలిసిపోతుంది.

తాగడం సంగతి ఇక్కడే చెప్పేసుకుంటే మంచిది. స్పెయిన్‌లో రక్తంలో ఆల్కహాల్ లిమిట్ లీటరుకి 0.5 గ్రాములు, సైకిల్‌కీ అదే, దొరికితే ఫైన్ 500 యూరోల నుంచి మొదలు. కార్లు సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం వదలాలనే రూల్ ఉంది, దాన్ని అక్కడ మనం ఊహించలేనంత సీరియస్‌గా పాటిస్తారు, అంత మర్యాద పొందుతూ రెండు గ్లాసులేసి అడ్డదిడ్డంగా తొక్కితే బాగోదు. పైగా పన్నెండింటికి టేస్టింగ్ చేసి 35 డిగ్రీల ఎండలో ఎక్కుడు ఎక్కడమంటే శరీరానికి శిక్ష. పద్ధతైన మార్గం ఒకటే, పొద్దున తొక్కడం, బస చేసే ఊళ్లో సైకిల్ లోపల పెట్టేశాక సాయంత్రం వైనరీ. సీసా ఒకటి కిలోకి పైనే బరువుంటుంది, మూడు కొంటే బ్యాగుల్లో పడి రేపటి ఎక్కుడులో గుర్తుచేస్తుంటాయి.

లాగ్వార్దియాకి మళ్లీ వద్దాం. ప్రాకారం, ఐదు ద్వారాలు, లోపల ఇరుకు సందులు, కార్లు లేవు. కార్లు లేకపోవడం టూరిస్టుల మీద ప్రేమతో కాదు, ఊరి కింద నేలంతా తొర్ర. దాదాపు ప్రతి ఇంటి కిందా తవ్విన నేలమాళిగ ఉంది, రెండు వందలకి పైగా అంటారు, మొదట్లో దాక్కోడానికీ సరుకు దాచుకోడానికీ, తర్వాత వైన్‌కి. ఏడాది పొడుగునా అదే చల్లదనం. పైన బరువు బండ్లు తిరిగితే అదురు కింద పీపాలకి తగులుతుంది, కప్పులకి ప్రమాదం. నిలబడ్డ వీధి కింద ఇంకో వీధి ఉందని తెలిశాక అక్కడ నడకే మారిపోతుంది.

ఆ ఊరివాడే సామానియెగో, 1745లో పుట్టాడు, స్పెయిన్ పిల్లలందరికీ నీతికథలు రాసిన కవి. ఆయన చెప్పిన పాలమ్మాయి కథ అక్కడ రానివాళ్లు ఉండరు: తల మీద పాలకుండ, పాలు అమ్మితే గుడ్లు, గుడ్లు పొదిగితే కోళ్లు, కోళ్లు అమ్మితే పంది, తర్వాత ఆవు, సంతోషంలో ఒక్క గెంతు గెంతేసరికి కుండ పగిలింది. తెలుగు ఇళ్లలో ఈ కథ పిండికుండ బ్రాహ్మడి పేరుతో పుట్టి పెరిగింది, పంచతంత్రంలోది. పోలిక యాదృచ్ఛికం కాదు, పంచతంత్రం పర్షియన్‌లోకి, అక్కడ్నుంచి అరబ్బీలోకి, 1251 ప్రాంతంలో అరబ్బీ నుంచి కాస్తీల్ భాషలోకి వచ్చింది, ఆ కథలు యూరప్ అంతా తిరిగి తిరిగి చివరికి ఈ ద్రాక్షగుట్ట మీద కూడా దిగాయి. మన బ్రాహ్మడు మంచం మీద పడుకుని కాలితో తన్నాడు, వాళ్లమ్మాయి దారిలో గెంతింది, అంతే తేడా. ఊరికి తూర్పున ఎల్విల్లార్ దగ్గర పొలాల మధ్య ఒక రాతి సమాధి ఉంది, మంత్రగత్తె గుడిసె అని పేరు, సుమారు ఐదు వేల ఏళ్ల నాటిది. పెద్ద పెద్ద రాతి పలకలు నిలబెట్టి పైన ఇంకో పలక. చుట్టూ ద్రాక్ష. లాగ్వార్దియా నుంచి అక్కడికి అరగంట తొక్కుడు, దానికోసం వేరే రోజు అక్కర్లేదు.

కొత్త కట్టడాల గురించి రెండు ముక్కలు. ఎల్సియెగోలో ఫ్రాంక్ గెహ్రీ అనే ఆర్కిటెక్ట్ కట్టిన హోటల్ (2006), గులాబీ, బంగారు, వెండి రంగుల టైటేనియం రేకులు, వైన్ రంగు, సీసా చుట్టూ జాలీ, మూత మీది రేకు అని అర్థం చెబుతారు. లాగ్వార్దియా కింద కలాత్రావా అనే ఇంకో ఆర్కిటెక్ట్ కట్టిన ఈసియోస్ వైనరీ (2001), కప్పు అలల్లాగా, వెనక కొండ వరసకి సరిపడేట్టు. ఈసియోస్ దూరం నుంచి చూస్తేనే బాగుంటుంది, ఊరి గోడ మీద నుంచి చూస్తే చాలు. గెహ్రీ హోటల్ మాత్రం రోడ్డు మలుపులో ఒక్కసారిగా పాత చర్చి పక్కన బయటపడుతుంది, నచ్చినా నచ్చకపోయినా బ్రేక్ పడుతుంది.

లొగ్రోనియో చేరాక లౌరెల్ వీధి. చిన్న సందు, వరసగా బార్లు, ఒక్కో బార్‌లో ఒక్క ఐటమే ఫేమస్, ఒక ముక్క తిని ఒక చిన్న గ్లాసు తాగి పక్క బార్‌కి పోవడం పద్ధతి, కూర్చోవడం ఉండదు. వెల్లుల్లి నూనెలో వేయించి మూడు దొంతర పెట్టే పుట్టగొడుగులు అందరూ చెప్పేవే, శాకాహారులు జాగ్రత్త, పైన చిన్న రొయ్య గుచ్చి ఉంటుంది. ఆ మాటకొస్తే రియోహా బంగాళాదుంప కూరలో చొరీసో అనే పంది సాసేజ్ ఉంటుంది, చిక్కుడు గింజల్లోనూ ఉండే ఛాన్స్ ఎక్కువ, కూరగాయల మెనెస్త్రాలో కూడా హామ్ ముక్కలు పడుతుంటాయి. మాంసం లేదు కదా అని అడిగితే సరిపోదు, హామ్‌ని వాళ్లు మాంసం లెక్కలో వేయరు, విడిగా అడగాలి. తినేవాళ్లకైతే కత్తిరింపుల్లో వచ్చిన ద్రాక్ష పుల్లల నిప్పు మీద కాల్చే గొర్రెపిల్ల చాప్స్ ఉన్నాయి, ఆ పొగ వాసన చలికాలం సాయంత్రాల్లో ఊళ్ల బయటే తగులుతుంది.

ఇక్కడితో ఆపేయొచ్చు, చాలామంది ఆపేస్తారు. కానీ చరిత్రలో బరువైన సగం లొగ్రోనియోకి పడమట, కమీనో దారిలో ఉంది, అంటే ఇప్పుడు గాలికి ఎదురు తిరగాలి. పొద్దున్నే బయల్దేరితే గాలి కాస్త మెత్తగా ఉంటుంది. నాహెరాకి 30 కిలోమీటర్లలోపే. మధ్యలో నవారెతె అనే కుండల ఊరు, అక్కడ శ్మశానం గేటు చూడాలి, ఒకప్పుడు యాత్రికుల ఆసుపత్రిది, అది శిథిలమయ్యాక ద్వారాన్ని ఊడదీసి తెచ్చి శ్మశానానికి పెట్టారు. నాహెరాలో ఎర్రటి కొండచరియకి ఆనించి 1052లో మొదలుపెట్టిన మఠం, నవార్రా రాజుల సమాధులు అందులోనే. రాజు వేటకి పోతే డేగ ఒక పిట్టని తరుముతూ గుహలో దూరింది, వెనకే వెళ్లిన రాజుకి లోపల మేరీమాత విగ్రహం, దీపం కనిపించాయి అని స్థలపురాణం. గుహ అలాగే ఉంచి దాని ముందు చర్చి కట్టారు.

నాహెరా నుంచి నేరుగా సాంతో దొమింగోకి పోతే 20 కిలోమీటర్లు. అలా పోకుండా దక్షిణానికి తిరిగి సాన్ మియాన్ ఎక్కాలి, దూరం రెట్టింపవుతుంది, 240 మీటర్ల దాకా ఎత్తు పెరుగుతుంది, ద్రాక్ష తగ్గిపోయి గోధుమ, తర్వాత అడవి మొదలవుతుంది. అక్కడ రెండు మఠాలు, పైది సూసో, కిందది యూసో, రెండూ 1997లో యునెస్కో గుర్తించినవి. సూసో చిన్నది, సగం గుహలు, గుర్రపు నాడా ఆకారంలో వంపులు, ఆరో శతాబ్దపు సన్యాసి మియాన్ ఉన్న చోటు. పైకి సొంత బండ్లు రానివ్వరు, కింద నుంచి చిన్న బస్సు, ముందే బుక్ చేసుకోవాలి.

ఇక్కడి గొప్ప రాజులది కాదు. వెయ్యేళ్ల కిందట ఒక సన్యాసి లాటిన్ పుస్తకం చదువుకుంటూ కష్టమైన మాటల పక్కన, వరసల మధ్య సందులో, మాట్లాడుకునే భాషలో అర్థాలు రాసుకున్నాడు. ఇంగ్లిష్ మీడియంలో కొత్తగా చేరిన పిల్లాడు టెక్స్ట్‌బుక్‌లో మాట పైన పెన్సిల్‌తో తెలుగు అర్థం రాసుకుంటాడు చూడండి, అచ్చం అదే. స్పానిష్ భాషకి దొరికిన అతి పాత నమూనాల్లో ఆ పెన్సిల్ రాతలు ఒకటి, రెండు చోట్ల బాస్క్ భాషలో కూడా రాశాడు, అంటే ఆ కొండల్లో రెండు భాషలూ చెవిన పడుతుండేవన్నమాట. చూడాలని అంత దూరం ఎక్కి వెళ్తే అక్కడ ఉండేది నకలు మాత్రమే, అసలు ప్రతి మాడ్రిడ్‌లో రాయల్ హిస్టరీ అకాడమీలో ఉంది. కొంచెం ఉసూరుమంటుంది, నిజమే. కానీ కింద బెర్సెయో అనే పల్లె ఉంది, 13వ శతాబ్దపు కవి గొన్సాలో దె బెర్సెయోది అదే ఊరు, కాస్తీల్ భాషలో పేరు తెలిసిన మొదటి కవి. లాటిన్‌లో రాసేంత చదువు నాకు లేదు, జనం పక్కింటివాడితో మాట్లాడే భాషలో చెబుతాను, దీనికి ఒక గ్లాసు మంచి వైన్ ఇచ్చినా గిట్టుబాటే అని రాసుకున్నాడాయన. వైన్ కంట్రీకి ఇంతకంటే మంచి పరిచయ వాక్యం ఏ కంపెనీ రాయించుకోలేకపోయింది.

అక్కడ్నుంచి సాంతో దొమింగో దె లా కల్సాదా. పేరులోనే కల్సాదా ఉంది, అంటే వేసిన రోడ్డు. 11వ శతాబ్దంలో దొమింగో అనే ఆయన యాత్రికుల కోసం అడవి కొట్టి రోడ్డు వేశాడు, వంతెన కట్టాడు, ఆసుపత్రి పెట్టాడు, చుట్టూ ఊరు పెరిగింది. సాధువుగా పూజలందుకున్న ఒక రోడ్డు ఇంజనీర్ అనుకోవచ్చు. ఆయన సమాధి ఉన్న చర్చిలో ఇప్పటికీ ఒక తెల్ల కోడిపుంజు, ఒక పెట్ట బతికున్నవి అద్దాల గూట్లో ఉంటాయి. చేయని దొంగతనానికి ఉరి వేసిన కుర్రాడు ఉరికంబం మీద బతికే ఉన్నాడని తల్లిదండ్రులు వచ్చి చెబితే, భోజనానికి కూర్చున్న అధికారి మీవాడు బతికుంటే ఈ వేయించిన కోడీ బతికున్నట్టే అన్నాడట, కోడి పళ్లెంలోంచి లేచి కూసింది. పూజ మధ్యలో పుంజు కూస్తే ఎవరూ విసుక్కోరు, శుభం అనుకుంటారు.

సీజన్ అంటే మే, జూన్, లేదా సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ మధ్య దాకా. కోతల టైమ్‌లో ఆకులు రంగు మారి తోటలు బాగుంటాయి, కానీ ట్రాక్టర్లూ ఎక్కువ, గదులూ దొరకవు. జులై, ఆగస్టు వద్దు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా పల్లెల్లో షాపులు మూత, సోమవారం మ్యూజియాలు చాలావరకు మూత, ఈ రెండూ తెలియక ఆకలితో ఊరంతా తిరిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. జూన్‌లో పొద్దు తొమ్మిదిన్నర దాటాకే మునుగుతుంది కాబట్టి మధ్యాహ్నం పడుకున్నా నష్టం లేదు, వాళ్లు చేసేది అదే.

ఎక్కుళ్లంటే భయపడేవాళ్లకీ, పిల్లలతో వచ్చేవాళ్లకీ సాంతో దొమింగో దగ్గర ఇంకో దారి దొరుకుతుంది. ఆరో నుంచి కొండల్లోని ఎస్కరాయ్‌కి చిన్న గేజ్ రైలు ఒకటి నడిచేది, 1964లో ఆపేశారు. పట్టాలు పీకేసిన ఆ దారినే ఇప్పుడు కసలర్రెయినా నుంచి ఎస్కరాయ్ దాకా సుమారు 28 కిలోమీటర్ల సైకిల్ బాటగా చేశారు, పక్కనే ఓహా అనే ఏరు, రియోహాకి పేరు ఆ ఏటి నుంచే వచ్చిందని చాలామంది చెప్పే మాట. రైలు ఎక్కగలిగిన దారి కాబట్టి ఎక్కడా నిటారుగా ఉండదు, మొత్తం మీద 300 మీటర్ల దాకా ఎక్కుతుంది కానీ ఎక్కుతున్నట్టే తెలియదు, నీళ్ల సీసా ఖాళీ అవుతుంటే మాత్రం తెలుస్తుంది. ఎస్కరాయ్‌లో భోజనం చేసి వెనక్కి తిరిగితే కసలర్రెయినా దాకా, గాలి మరీ మొండికేస్తే తప్ప, పెడల్ మీద కాలు ఊరికే ఆనించుకుని ఉంటే చాలు. అక్కడ్నుంచి ఆరో ఆరేడు కిలోమీటర్లు, మొదలుపెట్టిన స్టేషన్ దగ్గరికే.